ఎండినా చెరువే

కడప జిల్లా పోరుమామిళ్ల చెరువుకు శాసనంలో ఉన్న పేరు అనంతరాజసాగరం. మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు దాన్ని కట్టించాడు. 1369 నాటి సంస్కృత శాసనం ఆ పని లెక్క చెబుతుంది: రోజుకు వెయ్యిమంది కూలీలు, రాయి తోలడానికి వంద బండ్లు, రెండేళ్ల శ్రమ. అంతకంటే విలువైన భాగం మరొకటుంది. మంచి చెరువుకు ఉండాల్సిన 12 అంగాలను, ఉండకూడని 6 దోషాలను అది వరసగా చెబుతుంది. గట్టి నేల, తియ్యటి నీళ్ల ఏరు, జలశాస్త్రం తెలిసిన పండితుడు అంగాల్లో కొన్ని. కట్ట ఊటెత్తడం, చవుడు నేల, రెండు రాజ్యాల సరిహద్దున ఉండటం దోషాలు. హద్దు తగాదాలు చెరువుకు చేటని ఆనాడే తెలుసన్నమాట!

చెరువులోని జీవం సంగతి వేరు. రాయలసీమ, తెలంగాణ చెరువులు చాలావరకు లోతు తక్కువ. వానకాలం నిండి, వేసవికి ఎండుతాయి. నెర్రెలిచ్చిన ఒండ్రులోకి గాలి చేరి అడుగున పేరుకున్న కుళ్లు ఎరువవుతుంది. మేతకొచ్చిన గొడ్ల పేడ దానికి తోడు. కొత్త నీరు రాగానే ఆ సత్తువ నీళ్లలో కలుస్తుంది. మట్టిలో ఎండిపడి ఉన్న సన్నని నీటిపురుగుల గుడ్లు పగులుతాయి. చేపపిల్లలకు అవే తొలి మేత. గాలి పీల్చగల కొర్రమీను, మార్పు మాత్రం మిగిలిన మడుగుల్లో వేసవి గట్టెక్కుతాయి.

జీవం చిక్కగా ఉండేది శిఖం (చెరువు మునక నేల) అంచున, మోకాటిలోతు నీళ్లలో. ఎండ అడుగుదాకా తగలడంతో తుంగ, జమ్ము, కలువ అక్కడే పెరుగుతాయి. కొర్రమీను ఆ మొక్కల నడుమే గుడ్లు పెట్టి, ఎర్రటి పిల్లల గుంపుకు కాపలా కాస్తుంది. చెరువులో ముందు పోయేదీ ఈ అంచే. వేసవిలో బీడులా కనిపిస్తుంది గనుక ఒకరు దున్నుతారు, ఇంకొకరు ప్లాట్లు వేస్తారు. పూడిక తీసి మట్టిని పొలాలకు తోలడం మంచి పనే. తెలంగాణలో 2015లో మొదలైన మిషన్ కాకతీయ చేసింది అదే. కానీ యంత్రంతో గోతిలా నిలువుగా తోడితే అంచు వాలు మిగలదు. ఇక ఊరి మురుగు చేరితే గుర్రపుడెక్క కమ్మేస్తుంది, నీటిలో ప్రాణవాయువు పడిపోయి చేపలు తేలతాయి.

చట్టంలోనూ ఒక చిక్కుంది. సాగుకు, తాగునీటికి మనుషులు కట్టుకున్న జలాశయాలను 2017 నాటి కేంద్ర చిత్తడి నేలల నిబంధనలు తమ పరిధి నుంచి తప్పించాయి. ఐదారు వందల ఏళ్ల చెరువైనా అంతే. చేతిలో ఉన్నవి 2002 నాటి వాల్టా (నీరు, నేల, చెట్ల) చట్టం, రెవెన్యూ రికార్డులు, హద్దురాళ్లు. ఆ రాళ్లు నిండు చెరువు అంచున పాతాలి. వేసవిలో తీసిన కొలతను ఏ ఊరూ ఒప్పుకోకూడదు.