కళ్లెదుటి కొలత

మొన్న మా అబ్బాయితో కారులో పెట్రోలు బంకుకి వెళ్లాను. "సున్నా చూసుకోండమ్మా" అన్నాడు బంకు కుర్రాడు. చూశాను. సున్నాయే! ఆ తర్వాత అంకెలు పరుగెత్తాయి గానీ పెట్రోలు చుక్కయినా కంటబడలేదు. పాలు కొలుస్తుంటే నురగెంతో పాలెంతో చూసుకునే ప్రాణం నాది. ఊరుకుంటుందా?

అసలు లోకంలో మొట్టమొదటి పెట్రోలు బంకుగా చెప్పుకునేది ఏమిటో తెలుసాండీ? ఒక మందుల షాపు! 1888 ఆగస్టులో జర్మనీలో బెర్తా బెంజ్ అనే ఇల్లాలు, భర్త తయారుచేసిన కారులో, ఆయనతో చెప్పకుండా, ఇద్దరు కొడుకుల్ని వెంటబెట్టుకుని పుట్టింటికి బయలుదేరింది. దారిలో ఇంధనం చాలకపోతే, వీస్లోఖ్ అనే ఊళ్లో మందుల షాపుకెళ్లి, బట్టల మరకలు తుడిచే లిగ్రాయిన్ కొని పోయించింది. పుట్టింటికి వెళ్లాలనుకున్న ఆడదాన్ని ఆపేదెవరు!

మన దేశంలోనూ మొదట్లో పెట్రోలు డబ్బాల్లోనే అమ్మేవారు. తర్వాత చేతిపంపులొచ్చాయి. నిలువెత్తు ఇనుప స్తంభం, దాని పైన గాజు కూజాలు. పిడి ఆడిస్తే భూమిలోని ట్యాంకు నుంచి పెట్రోలు ఎక్కి కూజా నిండేది. నిండాక గొట్టంలోంచి దానంతటదే కారులోకి దిగేది. నాన్నగారి వేలు పట్టుకుని చూసి, షర్బత్తనుకున్నాను. కొనేవాళ్ల కళ్లెదుటే కొలత!

విశాఖపట్నం రేవు తెరిచింది 1933లో. 1942 ఏప్రిల్ 6న ఊరిమీద జపాను బాంబులు పడ్డాయి. ఆ యుద్ధకాలంలో పెట్రోలుకి రేషను. బస్సులు వెనకాల బొగ్గుపొయ్యి తగిలించుకుని నడిచేవి. మా అమ్మ కాపురానికొచ్చింది అలాంటి బస్సులోనేట. దిగేసరికి పట్టుచీర మసిగుడ్డయిందని చెప్పి నవ్వేది.

1957లో మల్కాపురం దగ్గర కాల్టెక్స్ రిఫైనరీ వచ్చింది. పెట్రోలు మన ఊళ్లోనే తయారవుతోందని ఎంత మురిసిపోయామో! 1976లో ప్రభుత్వం దాన్ని తీసుకుంది. 1978లో హిందుస్థాన్ పెట్రోలియంలో కలిపారు.

1997 సెప్టెంబరు 14, ఆదివారం తెల్లవారుజామున అక్కడ వంటగ్యాసు లీకై అంటుకుంది. యాభైమందికి పైగా పోయారు. ఊరంతా నల్లటి పొగ. ఆ మర్నాడు పొయ్యి వెలిగించడానికి నాకు చేతులాడలేదు.

"ఏమిటమ్మా, అలా ఉండిపోయావ్?" అన్నాడు అబ్బాయి. బంకు కుర్రాడు రసీదు అందించాడు. లీటర్లూ, రూపాయలూ రెండూ సరిగ్గానే ఉన్నాయి.