టీ షర్టు మీది మాట

2005 వేసవిలో వింబుల్డన్‌కి వెళ్లినప్పుడు సానియా మీర్జా వేసుకున్న ఒక టీ షర్టు ఫోటో మన పత్రికల్లో బాగా తిరిగింది. బుద్ధిగా నడుచుకునే ఆడవాళ్లు చరిత్రకెక్కడం అరుదు అని దాని మీద ఇంగ్లీషులో రాసి ఉంది. పద్దెనిమిదేళ్ల పిల్ల పొగరని కొందరన్నారు, స్వేచ్ఛా ప్రకటన అని కొందరు మురిసిపోయారు. ఆ మాట ఎక్కడిదో పట్టించుకున్నవాళ్లు తక్కువ. లారెల్ థాచర్ ఉల్రిచ్ అనే అమెరికన్ చరిత్రకారిణి 1976లో ఒక పరిశోధనా వ్యాసంలో రాసిన మాట అది. న్యూ ఇంగ్లండ్ ప్రాంతపు పాతకాలపు భక్తురాళ్ల గురించి, వాళ్లు పోయినప్పుడు మతబోధకులు చేసిన ప్రసంగాల గురించి రాసిన వ్యాసం. ఆడవాళ్లని తిరగబడమని ఆమె అందులో పిలుపేమీ ఇవ్వలేదు. ఆమె ఫిర్యాదు చరిత్రకారుల చూపు మీద. గొడవపడ్డవాళ్లూ ముద్రలు పడ్డవాళ్లూ రికార్డుల్లో దొరుకుతారు, రోజూ లేచి తమ పని తాము చేసుకుపోయినవాళ్లు దొరకరు. ఆ తర్వాత 1990లో ఆమె ఒక మంత్రసాని డైరీ ఆధారంగా పెద్ద పుస్తకమే రాసింది. ఎవరింట్లో పురుడు పోసిందీ, ఏ రోజు ఏరు దాటిందీ, ఎంత నూలు వడికిందీ అన్నదే ఆ డైరీ.

సానియా జీవితాన్ని ఆ చరిత్రకారిణి కళ్లతో చదవాలని నాకు చాలాకాలంగా ఉంది. ఎందుకంటే మన దగ్గర సానియాకి రెండు రికార్డులున్నాయి. ఒకటి వివాదాలది. గౌను పొడవు, ముక్కుపుడక, పెళ్లి, బిడ్డ. రెండోది పనిది. మొదటిది అందరికీ నోటికొచ్చు. రెండోది చెప్పమంటే చాలామంది వింబుల్డన్ దగ్గర ఆగిపోతారు.

2005నే తీసుకుందాం. జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో వైల్డ్‌కార్డుతో అడుగుపెట్టి మూడో రౌండ్ దాకా వెళ్లింది. ఒక గ్రాండ్‌స్లామ్ సింగిల్స్‌లో అంతదూరం వెళ్లిన భారత స్త్రీ అంతకుముందు లేదు. అక్కడ సెరెనా విలియమ్స్ చేతిలో 1-6, 4-6తో ఓడింది. రెండో సెట్‌లో నాలుగు గేములు తీసుకోవడం అప్పట్లో పెద్ద మాటే. ఫిబ్రవరి 12న హైదరాబాద్‌లో అల్యోనా బొండారెంకోని 6-4, 5-7, 6-3తో గెలిచింది. డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ గెలిచిన మొదటి భారత స్త్రీ అయింది. (ఆ టోర్నమెంటు మరుసటి ఏడాదే బెంగళూరుకి తరలిపోయింది. దీనిమీద మన ఊళ్లలో ఎవరూ దిష్టిబొమ్మలు తగలబెట్టలేదు.) ఆ వెంటనే దుబాయ్‌లో, అప్పటి యూఎస్ ఓపెన్ విజేత స్వెత్లానా కుజ్నెత్సోవాని 6-4, 6-2తో ఓడించింది. సెప్టెంబరులో యూఎస్ ఓపెన్ నాలుగో రౌండుకి చేరి షరపోవా చేతిలో ఓడింది.

అదే సెప్టెంబరులో ఒక మతపెద్ద ఆమె దుస్తుల మీద అభ్యంతరం చెప్పాడు. కోల్‌కతా టోర్నమెంటులో ఆమె పోలీసుల కాపలా మధ్య ఆడింది. నవంబరులో సురక్షిత లైంగిక జీవితం గురించి ఒక సభలో ఏదో అన్నదని, నటి ఖుష్బూకి మద్దతిచ్చిందని దిష్టిబొమ్మలు తగలబడ్డాయి. కురచ గౌనుకి ముస్లిం పెద్దలు కోపగించుకున్నారు, సరే. ఆ కోపాన్ని చూపించి మొత్తం ముస్లిం సమాజాన్నే వెనకబడినదని తీర్మానించినవాళ్లకి, అదే గౌను ఫోటోని సగం పేజీ వేసి పత్రికలు అమ్ముకోవడంలో తప్పు కనిపించలేదు. కప్పుకోమన్నవాడూ విప్పి చూసుకున్నవాడూ ఇద్దరూ ఆమె ఫోర్‌హ్యాండ్‌ని చూడలేదు.

ఆ ఫోర్‌హ్యాండ్ గురించి ఒక్క మాట. మణికట్టుని చివరి క్షణంలో విదిలించి బంతిని బల్లపరుపుగా, వేగంగా కొట్టడం ఆమె పద్ధతి. అవతలి మనిషికి దిక్కు తెలిసేలోపు బంతి దాటిపోయేది. 2007 ఆగస్టులో ఆమెని ప్రపంచ 27వ ర్యాంకుకి తీసుకెళ్లింది ఆ మణికట్టే. 2008లో బీజింగ్ ఒలింపిక్స్‌లో ఆట మధ్యలో వదిలేసేలా చేసిందీ, ఆపరేషన్ దాకా తెచ్చిందీ అదే. ఆ ఏడాది మొదట్లోనే ఇంకో గొడవ. పెర్త్‌లో హాప్‌మన్ కప్ చూస్తూ కాళ్లు చాపుకుని కూర్చున్న ఫోటోలో పాదాల పక్కన జాతీయ జెండా ఉందని కేసు పెట్టారు. ఆమె ఆ ఏడాది బెంగళూరులో ఆడనని మానేసింది. జెండా గొడవ ఇప్పటికీ గుర్తున్నవాళ్లున్నారు. మణికట్టు సంగతి గుర్తున్నవాళ్లు తక్కువ.

ఆమె మొదటిది కాదని కూడా చెప్పుకోవాలి. 1934లో వింబుల్డన్‌లో ఒక మ్యాచ్ గెలిచిన మొదటి భారత స్త్రీ లీలా రావు. ఆమె తల్లి పండిత క్షమా రావు సంస్కృత కవయిత్రి, గాంధీ సత్యాగ్రహం మీద సంస్కృతంలో కావ్యం రాసిన మనిషి, తనూ టెన్నిస్ ఆడినామె. కూతురు ఆ తర్వాత తల్లి రచనల్ని సంస్కృత నాటకాలుగా మలిచింది. సాహిత్య చరిత్రల్లో తల్లి ఉంది, క్రీడల చరిత్రల్లో కూతురు ఉంది, ఇద్దర్నీ ఒకచోట ఉంచి చదివే చరిత్ర మనకింకా లేదు. 1998 ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో కోయంబత్తూరు నిరుపమా వైద్యనాథన్ ఒక మ్యాచ్ గెలిచాక గానీ మన ఆడవాళ్లకి గ్రాండ్‌స్లామ్ సింగిల్స్ మళ్లీ కలలోకి రాలేదు.

ఇవన్నీ ఆదోనిలో కూర్చుని రాయడం కొంత వింతగానే ఉంటుంది. నిజాం తమ్ముడు బసాలత్ జంగ్ ఏలిన ఊరు ఇది. 1800లో నిజాం ఇంగ్లీషువాళ్లకి వదిలేసిన సీమలో భాగం. అయినా ఉర్దూ మాట్లాడే ఇళ్లలో హైదరాబాద్ ఇంకా దగ్గరి చుట్టమే. అందుకే సానియా ఈ గల్లీల్లో పరాయిది కాలేదు. కానీ ఆమె ఆటా, ఈ ఊరి ఆడపిల్లలూ ఒకే లోకానివి కావు. ఈ మాట దాటేస్తే మనం కూడా ప్రకటనల భాషే మాట్లాడినట్టు. ఆరేళ్ల పిల్లని రాకెట్ పట్టించి, కోచ్ దగ్గరికి తిప్పి, పని మానుకుని టోర్నమెంట్లకి తోడువెళ్లే తల్లిదండ్రులు ఇమ్రాన్, నసీమా ఆమెకున్నారు. జీవీకే లాంటి కంపెనీ చిన్నవయసులోనే అండగా నిలిచింది. టెన్నిస్‌లో ప్రతి ర్యాంకూ ఒక విమానం టికెట్టు. ఓడిన వారం ఖర్చు కూడా మనమే పెట్టుకోవాలి.

ఎమ్మిగనూరు, కోసిగి, మంత్రాలయం వైపు నుంచి ఏటా పంటల కాలం అయ్యాక కుటుంబాలకి కుటుంబాలు గుంటూరు మిరప చేలకి వలస పోతాయి. పెద్ద పిల్ల చిన్న పిల్లని ఎత్తుకుని వెంటపోతుంది, బడి అక్కడితో సరి. ఈ జిల్లా సీడు పత్తి చేలల్లో ఆడపిల్లల చేత చేయించిన పని గురించి 1990ల చివరి నుంచీ పరిశోధకులు రాస్తూనే వచ్చారు. సాయంత్రం మొగ్గ విప్పి మగ భాగాన్ని గిల్లేయడం, మర్నాడు పొద్దున పుప్పొడి రుద్దడం. వేలమొగ్గల మీద అదే పని. పిల్లల వేళ్లు సున్నితంగా ఉంటాయి కాబట్టి ఈ పనికి వాళ్లే సరి అని రైతులు చెప్పే కారణం. చేతి ఒడుపుని, వేళ్ల వేగాన్ని గుర్తించడంలో మనవాళ్లు ఎంత ముందున్నారో చూడండి! కూలికైతే అది గుణం. ఆటకైతే ఆడపిల్లకి ఎందుకివన్నీ అంటారు.

అనంతపురంలో 2010లో స్పెయిన్ ఆటగాడు రఫేల్ నాదల్ ఫౌండేషన్, ఆర్‌డీటీ కలిసి పేదపిల్లలకి టెన్నిస్ బడి తెరిచారు. నాదల్ స్వయంగా వచ్చాడు. ఆదోని స్టేషన్‌లో ఎక్కితే గుంతకల్లు మీదుగా వెళ్లి చేరేంత దూరం. అక్కడ టెన్నిస్‌తోపాటు ఇంగ్లీషూ, కంప్యూటరూ నేర్పారు. ఎంతమంది చాంపియన్లు తయారయ్యారని అడగడం అనవసరం అనిపిస్తుంది నాకు. కూలికి కాకుండా, ఇంటిపనికి కాకుండా, ఊరికే పరుగెత్తడానికి ఒక ఆడపిల్లకి రోజులో ఒక గంట దొరికిందా లేదా అన్నదే లెక్క. మన స్త్రీవాద సాహిత్యం స్త్రీ దేహాన్ని ప్రసవంలో చూసింది, హింసలో చూసింది, చాకిరీలో, కోరికలో చూసింది. గెలవడం కోసం చెమటోడ్చే దేహం మన కథల్లోకీ కవితల్లోకీ అరుదుగా వచ్చింది.

మళ్లీ సానియా దగ్గరికి. 2013లో ఆమె సింగిల్స్ మానేసింది. అప్పటి రాతల్లో అది పతనం. ఇక డబుల్స్‌తో సరిపెట్టుకుంటుంది అన్న ధోరణి. నాకేమో అక్కడి నుంచే ఆమె కెరీర్ అసలు చిక్కబడింది అనిపిస్తుంది. శరీరం ఏది మోయగలదో, ఏది మోయలేదో లెక్కగట్టి, ఉన్న బలం చుట్టూ పనిని మళ్లీ పేర్చుకున్న స్త్రీ తెలివి అది. డబుల్స్‌లో సగం కోర్టే కాయాలి, కానీ పక్క మనిషి ఎటు కదులుతుందో చూడకుండానే తెలియాలి. 2014 చివర్లో జింబాబ్వే ఆటగత్తె కారా బ్లాక్‌తో కలిసి సింగపూర్‌లో ఏడాది ముగింపు చాంపియన్‌షిప్ ఫైనల్‌ని 6-1, 6-0తో ముగించింది. 2015లో మార్టినా హింగిస్‌తో జతకట్టింది. హింగిస్ నెట్ దగ్గర, సానియా వెనక గీత దగ్గర. ఏప్రిల్ 13న డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్. మొత్తం 91 వారాలు ఆ స్థానంలో ఉంది.

ఆ ఏడాది వింబుల్డన్ ఫైనల్ మకరోవా, వెస్నినాల మీద. మొదటి సెట్ 5-7తో పోయింది. రెండోది టైబ్రేక్‌లో తీసుకున్నారు. మూడోదాంట్లో 2-5తో వెనకబడ్డారు. అక్కడి నుంచి 5-5కి తెచ్చారు. వెలుతురు తగ్గి సెంటర్ కోర్టు పైకప్పు మూసి దీపాలు వేసేదాకా ఆట ఆగింది. తిరిగొచ్చాక రెండు గేములు, 7-5. ఆ తర్వాత యూఎస్ ఓపెన్, 2016 ఆస్ట్రేలియన్ ఓపెన్ కూడా వాళ్లవే. ఓటమి లేకుండా వరసగా 41 మ్యాచ్‌లు. మిక్స్‌డ్ డబుల్స్‌లో అంతకుముందే మూడు గ్రాండ్‌స్లామ్‌లున్నాయి. 2009లో, 2012లో మహేశ్ భూపతితో, 2014లో బ్రెజిల్ ఆటగాడు బ్రూనో సోరెస్‌తో.

ఆ 2012 గెలుపు తర్వాతే లండన్ ఒలింపిక్స్ గొడవ. పేస్‌తో ఆడం అని మగ ఆటగాళ్లు భీష్మించుకున్నారు. పేస్‌ని బుజ్జగించడానికి టెన్నిస్ సంఘం సానియాని అతనికి మిక్స్‌డ్ జోడీగా ఇచ్చింది. అప్పుడే భూపతితో ఫ్రెంచ్ ఓపెన్ గెలిచొచ్చిన మనిషిని! ఆమె రాసిన బహిరంగ ప్రకటనలో, తనని ఎరగా వాడుకున్నారని, ఇది ఇరవై ఒకటో శతాబ్దపు భారత స్త్రీకి అవమానమని చెప్పింది. దేశం కోసం ఎవరితోనైనా ఆడతానని కూడా చెప్పింది, ఆడింది. మన స్త్రీల ఉద్యమ పత్రాల పక్కన ఆ ప్రకటనని పెట్టి చదవాలి. కన్యని ఇచ్చిపుచ్చుకునే పద్ధతి పెళ్లిచూపుల్లోనే కాదు, క్రీడా సంఘాల సెలక్షన్ మీటింగుల్లోనూ ఉంటుందని దానివల్ల తెలుస్తుంది.

2010లో పాకిస్తాన్ క్రికెటర్‌ని పెళ్లాడింది. 2014 జులైలో కొత్త తెలంగాణ రాష్ట్రం ఆమెని ప్రచారకర్తగా ప్రకటించగానే ఒక బీజేపీ నాయకుడు ఆమె పాకిస్తాన్ కోడలన్నాడు. పెళ్లితో ఊరు మారిపోతుందన్న పాత నమ్మకమే ఇక్కడ రాజకీయమైంది. తాను చచ్చేదాకా భారతీయురాలినేనని ఆమె జవాబు చెప్పుకోవలసి వచ్చింది. 2016లో ఆమె ఆత్మకథ వచ్చినప్పుడు ఒక టీవీ పాత్రికేయుడు ఎప్పుడు స్థిరపడతారు, పిల్లలెప్పుడు అని అడిగాడు. నంబర్ వన్‌గా ఉన్నది స్థిరపడినట్టు కాదా అని ఆమె తిరిగి అడిగింది. మగ ఆటగాడిని అలా అడగనని ఒప్పుకుని ఆయన అక్కడే క్షమాపణ చెప్పాడు.

2018 అక్టోబరులో కొడుకు పుట్టాడు. ఒకప్పుడు బిడ్డ పుట్టడమంటే ఆట ముగిసినట్టే. కెనడాకి చెందిన కార్లింగ్ బాసెట్ 1984లో యూఎస్ ఓపెన్ సెమీఫైనల్ ఆడింది, మరుసటి ఏడాది ప్రపంచ 8వ ర్యాంకుకి చేరింది. 1988లో తల్లయ్యాక ఎక్కువ కాలం ఆడలేదు. బిడ్డ పుట్టిన మూడేళ్లలోపు తిరిగొస్తే పాత ర్యాంకుతో పన్నెండు టోర్నమెంట్లు ఆడొచ్చన్న డబ్ల్యూటీఏ నిబంధన 2019 నుంచి అమల్లోకొచ్చింది. గౌను లేకుండా లెగ్గింగ్స్‌తో ఆడొచ్చని స్పష్టం చేసిందీ అప్పుడే. సానియా 2020 జనవరిలో హోబార్ట్‌లో నాదియా కిచెనోక్‌తో కలిసి దిగింది, మొదటి టోర్నమెంటే గెలిచింది. 2022 వింబుల్డన్ మిక్స్‌డ్ క్వార్టర్ ఫైనల్‌లో, ముప్పై అయిదేళ్ల వయసులో, మాటే పావిచ్‌తో కలిసి కెనడా ఆటగత్తె గాబ్రియేలా దబ్రోవ్‌స్కీ జంటని మూడు సెట్లలో ఓడించింది. ఆ మ్యాచ్ గురించి తెలుగులో నేనెక్కడా పది వాక్యాలు చదవలేదు.

2023 జనవరిలో మెల్‌బోర్న్‌లో రోహన్ బోపన్నతో మిక్స్‌డ్ ఫైనల్ ఓడిపోయింది. పద్నాలుగేళ్లప్పుడు తన మొదటి మిక్స్‌డ్ జోడీ అతనేనని చెబుతూ కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆ కన్నీళ్ల వీడియో ఊరంతా చూసింది. ఆఖరి టోర్నమెంటు మాత్రం దుబాయ్‌లో, ఫిబ్రవరి 21న. కుజ్నెత్సోవాని ఓడించిన ఊరది. మాడిసన్ కీస్‌తో కలిసి మొదటి రౌండులోనే కుదెర్మెతోవా, సమ్సనోవాల చేతిలో 4-6, 0-6తో ఓడింది. డబుల్స్ టైటిళ్లు 43, సింగిల్స్ ఒకటి.