పన్ను ఒకచోట, బాధ్యత మరొకచోట: ఓల్డ్ రాజిందర్ నగర్ ఉదంతంపై ఒక పరిశీలన

2024 జూలై 27 సాయంత్రం ఢిల్లీలోని ఓల్డ్ రాజిందర్ నగర్‌లో వాననీరు ఒక కోచింగ్ సంస్థ బేస్‌మెంట్‌లోకి ఒక్కసారిగా చొరబడింది. అక్కడి లైబ్రరీలో చదువుకుంటున్న ముగ్గురు సివిల్స్ అభ్యర్థులు చనిపోయారు. ఒకరిది ఉత్తరప్రదేశ్, ఒకరిది తెలంగాణ, ఒకరిది కేరళ. నాలుగు రోజుల తర్వాత ఈ విషయం విచారించిన ఢిల్లీ హైకోర్టు ధర్మాసనం చర్చను కాలువల నుంచి ఖజానా వైపు మళ్లించింది. ఉచితాల సంస్కృతి కావాలంటూ పన్నులు వసూలు చేయకపోతే ఖర్చుకు డబ్బు ఎక్కడినుంచి వస్తుందని, జీతాలకే కటకటలాడే సంస్థ మౌలిక వసతులను ఎలా మెరుగుపరుస్తుందని అడిగింది. అప్పటి ఢిల్లీ ప్రభుత్వాన్ని నడిపిన ఆమ్ ఆద్మీ పార్టీ, కేంద్రాన్ని ఏలుతున్న భారతీయ జనతా పార్టీ ఎదుటివారిదే తప్పని వాదించుకున్నాయి. పన్నుల మీద, ప్రభుత్వ వ్యయం మీద మన దేశంలో నడిచే రాజకీయ వివాదం మొత్తం ఆ కొద్ది రోజుల్లో ఒకే వీధిలో కనిపించింది. ఆ వివాదం అడగవలసిన ప్రశ్నను పక్కనపెట్టిందన్నది ఈ వ్యాసం ప్రతిపాదన. పన్ను ఎక్కువా తక్కువా, ఖర్చు ఉచితాలకా వసతులకా అన్న ప్రశ్నల కంటే ముందు తేలవలసింది ఒకటుంది: పన్ను వసూలు చేసేవారు, ఖర్చుకు అనుమతి ఇచ్చేవారు, పని చెడితే జవాబు చెప్పవలసినవారు ఒకరికొకరు కట్టుబడి ఉన్నారా?

పన్ను కట్టని ప్రాంతమా?

దేశ విభజన తర్వాత శరణార్థుల కోసం వెలిసిన నివాస కాలనీ ఇది. చిన్న స్థలాల్లో కట్టిన ఇళ్లు కాలక్రమంలో అంతస్తులు పెంచుకుని కోచింగ్ కేంద్రాలు, లైబ్రరీలు, పీజీలు అయ్యాయి. 2007లో నోటిఫై అయిన ఢిల్లీ మాస్టర్ ప్లాన్-2021 నిర్ణీత వీధుల్లో ఇళ్లను వ్యాపారానికి వాడుకునే వీలు కల్పించి, అందుకు ఛార్జీలు విధించింది. ఇక్కడ జరిగే వ్యాపారం పన్ను పరిధికి బయట లేదు. పాఠశాల విద్యకు జీఎస్టీ మినహాయింపు ఉంది గాని కోచింగ్‌కు లేదు. ఫీజు మీద 18 శాతం పడుతుంది. లక్ష రూపాయల ఫీజుకు 18,000 పన్ను అన్నమాట. అందులో 9,000 కేంద్రానికి, 9,000 రాష్ట్ర వాటాగా ఢిల్లీ ప్రభుత్వానికి చెందుతాయి. తరగతి గదిలో ఇచ్చే శిక్షణకు పన్ను శిక్షణ జరిగిన చోటికే చెందుతుంది కాబట్టి, మంచిర్యాల నుంచో శ్రీకాకుళం నుంచో వచ్చిన విద్యార్థి కట్టే రాష్ట్ర వాటా ఢిల్లీకే జమవుతుంది. పార్లమెంటులో కేంద్రం ఇచ్చిన లెక్కల ప్రకారం దేశవ్యాప్తంగా కోచింగ్ సంస్థల నుంచి వచ్చిన జీఎస్టీ 2019-20లో సుమారు 2,240 కోట్లు. 2023-24 నాటికి అది సుమారు 5,517 కోట్లకు పెరిగింది. నాలుగేళ్లలో రెట్టింపు దాటింది.

అయితే ఆ వీధి కాలువలో పూడిక తీయవలసిన ఢిల్లీ నగరపాలక సంస్థకు ఈ పన్నులో నేరుగా దక్కేది ఏమీ లేదు. దాని సొంత ఆదాయం ప్రధానంగా ఆస్తి పన్ను, లైసెన్సు రుసుములు, కన్వర్షన్ ఛార్జీల వంటివే. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు వినోద పన్ను, ప్రకటనల పన్ను వంటివి అందులో కలిసిపోయాయి. రాష్ట్రాలకు ఐదేళ్ల పరిహారం చట్టంలోనే రాశారు. స్థానిక సంస్థలకు అటువంటి హామీ ఏదీ రాయలేదు. ఒక వీధిలో వ్యాపారం ఎంత పెరిగితే ఆ వీధి రోడ్డు, కాలువ, చెత్త, అగ్నిభద్రత మీద అంత భారం పడుతుంది. ఆదాయం పై ప్రభుత్వాలకు చేరి, భారం కింది సంస్థకు మిగులుతున్నప్పుడు పన్నులు కట్టడం లేదన్న నింద ఈ ప్రాంతానికి వర్తించదు.

ఉచితాలే కారణమా?

హైకోర్టు ప్రశ్నను తేలిగ్గా తోసిపుచ్చకూడదు. నెలకు 200 యూనిట్ల వరకు ఉచిత విద్యుత్తు, 20 కిలోలీటర్ల వరకు ఉచిత నీరు, 2019 అక్టోబర్ నుంచి మహిళలకు ఉచిత బస్సు ప్రయాణం ఢిల్లీ ఖజానా మీద నిజమైన భారాలు. 2022 జూలైలో ప్రధాని నరేంద్ర మోదీ ‘రేవడి సంస్కృతి’ అంటూ ఈ తరహా పథకాలను విమర్శించారు. ఆ ఏడాదే సుప్రీంకోర్టు ఉచిత హామీల అంశాన్ని ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనానికి నివేదించింది. తెలుగు పాఠకులకు ఈ వాదం కొత్తది కాదు. 1983లో ఎన్టీఆర్ రెండు రూపాయల కిలో బియ్యానికీ, 2004లో వైఎస్ రాజశేఖర రెడ్డి రైతులకిచ్చిన ఉచిత విద్యుత్తుకూ ఇవే అభ్యంతరాలు వచ్చాయి.

కానీ ఈ ఉదంతానికి ఆ వాదాన్ని వర్తింపజేస్తే రెండు చిక్కులు ఎదురవుతాయి. మొదటిది, సబ్సిడీలు ఢిల్లీ ప్రభుత్వ బడ్జెట్‌వి, కాలువ నగరపాలక సంస్థది. రెండు ఖజానాలు, రెండు సభలు. రెండోది, ఈ సబ్సిడీలు ఇస్తూనే ఢిల్లీ ప్రభుత్వం ఆ ఏళ్లలో రెవెన్యూ మిగులు చూపింది. 2024-25కు 76,000 కోట్ల బడ్జెట్ ప్రవేశపెట్టింది. డబ్బు ఉచితాలకే అయిపోయి కాలువకు మిగల్లేదన్న చిత్రం ఈ లెక్కలతో పొసగదు. పైస్థాయిలో మిగిలిన డబ్బు కిందికి దిగే దారి సరిగా లేదన్నదే ఇంకా దగ్గరి వివరణ. 2020 డిసెంబర్‌లో, అప్పటికి మూడుగా విడిపోయి ఉన్న నగరపాలక సంస్థల మేయర్లు 13,000 కోట్ల బకాయిలంటూ ముఖ్యమంత్రి నివాసం ఎదుట ధర్నాకు కూర్చున్నారు. బకాయిలే లేవని ప్రభుత్వం అంది. ఢిల్లీ ప్రభుత్వం కేంద్రంపై చేసిన ఫిర్యాదూ ఈ నమూనాలోనే ఉంది: రాష్ట్రాల మాదిరిగా ఆర్థిక సంఘం పంపకంలో వాటా లేని ఢిల్లీకి 2001-02 నుంచి ఏళ్ల తరబడి 325 కోట్లే కేటాయిస్తూ వచ్చారని. ప్రతి అంచె పై అంచెను నిందించింది. కింది అంచెకు తానేం బాకీ ఉందో మాత్రం ఒప్పుకోలేదు.

డబ్బు ఉన్నా కదలని అధికారం

ఆదాయం ఒక్కటే సరిపోదని చెప్పే సాక్ష్యం కూడా ఇక్కడే ఉంది. 2022 మేలో మూడు సంస్థలు మళ్లీ ఒకటయ్యాయి. డిసెంబర్ ఎన్నికల్లో 250 వార్డులకు ఆమ్ ఆద్మీ పార్టీ 134, భాజపా 104 గెలిచాయి. ఐదు కోట్లు దాటిన పనులకు అనుమతి ఇవ్వవలసిన స్థాయీ సంఘం మాత్రం నెలల తరబడి ఏర్పడలేదు. నగరపాలక సంస్థకు పదిమంది సభ్యులను నామినేట్ చేసే అధికారం లెఫ్టినెంట్ గవర్నర్‌దా, మంత్రివర్గానిదా అన్న వివాదం సుప్రీంకోర్టులో నిలిచిపోయింది. జస్టిస్ పి.ఎస్. నరసింహ రాసిన తీర్పు, లెఫ్టినెంట్ గవర్నర్‌కే ఆ అధికారముందంటూ, 2024 ఆగస్టు 5న వచ్చింది. ముగ్గురు చనిపోయి అప్పటికి తొమ్మిది రోజులు. పెద్ద పని ఏదైనా తలపెట్టాలన్నా అనుమతించే వేదికే లేని స్థితిలో నగరం రెండు వర్షాకాలాలకు ఎదురువెళ్లింది. ఢిల్లీ డ్రైనేజీకి అప్పటికి ఆధారం 1976 నాటి మాస్టర్ ప్లాన్. ప్రమాదానికి నెల ముందే, 2024 జూన్ 28న, సఫ్దర్‌జంగ్‌లో 24 గంటల్లో 228.1 మిల్లీమీటర్ల వాన పడింది. హెచ్చరిక అందింది, దాన్ని అందుకుని నిర్ణయం తీసుకునే యంత్రాంగమే అసంపూర్ణంగా ఉంది.

మూడు అభ్యంతరాలు

ఇది పన్నుల సమస్య కాదు, చట్టాన్ని అమలు చేయని నేరం అనవచ్చు. సామాన్లు దాచుకోవడానికి అనుమతి పొందిన బేస్‌మెంట్‌లో లైబ్రరీ నడపడం నిస్సందేహంగా ఉల్లంఘన; ఆగస్టు 2న హైకోర్టు దర్యాప్తును సీబీఐకి అప్పగించడం అవసరమే. దోషుల బాధ్యతను ఈ వ్యాసం తగ్గించడం లేదు. అయితే అటువంటి బేస్‌మెంట్లు ఒక్కటి కాదు. ప్రమాదం తర్వాతి రోజుల్లో అధికారులు వరసగా పలు బేస్‌మెంట్లకు సీలు వేశారు. ప్రమాదం జరిగాక కనబడినవి ముందే కనబడాలంటే తనిఖీకి సిబ్బంది, జీతాలు, వారిపై అజమాయిషీ కావాలి. అదీ ప్రభుత్వ వ్యయమే, కాకపోతే శిలాఫలకం వేయడానికి వీలులేని వ్యయం.

నగరపాలక సంస్థకు మరింత డబ్బిస్తే అవినీతికే పోతుందన్నది రెండో అభ్యంతరం. ఈ అనుమానానికి ఆధారం లేకపోలేదు. కానీ నిధుల కోసం ప్రతిసారీ పైవారిని అడుక్కునే సంస్థకు తప్పించుకోవడానికి ఎప్పుడూ ఒక సాకు సిద్ధంగా ఉంటుంది. సూత్రం ప్రకారం, ముందే తెలిసిన మొత్తం చేతికి వచ్చినప్పుడే డబ్బు రాలేదన్న మాట చెల్లదు. లెక్క అడగాలంటే ముందు లెక్క స్పష్టంగా ఉండాలి.

2025 నాటికి కేంద్రంలో, ఢిల్లీలో, నగరపాలక సంస్థలో ఒకే పార్టీ పగ్గాలు చేపట్టింది కాబట్టి సమస్య తీరిందన్నది మూడోది. పార్టీలు కలిసినప్పుడు దయగా వచ్చే నిధి, విడిపోయినప్పుడు ఆగిపోతుంది. హైదరాబాద్ అనుభవం ఇంకో కోణం చూపుతుంది. 2016 జీహెచ్ఎంసీ ఎన్నికల ముందు, 1,200 రూపాయల లోపు ఆస్తి పన్ను కట్టే ఇళ్లకు దాన్ని 101 రూపాయలకు తగ్గిస్తూ రాష్ట్ర ప్రభుత్వమే నిర్ణయించింది. పేదలకు ఊరట మంచిదే. కానీ పన్ను నగరానిది, మాఫీ చేసిన ఘనత రాష్ట్రానిది. రాజకీయ సఖ్యత స్థానిక ఆదాయాన్ని కాపాడుతుందన్న భరోసా లేదు.

ఓటు లేని పన్నుదారులు

ఈ ప్రాంత విషయంలో మరో అంశం చర్చకు రాలేదు. ఇక్కడ ఫీజుల మీద జీఎస్టీ కట్టేవారు, అద్దెల రూపంలో యజమాని ఆస్తి పన్నును మోసేవారు చాలామంది బయటి రాష్ట్రాల యువత. వారి ఓటు ఎక్కువగా సొంత ఊళ్లోనే ఉంటుంది. వార్డు కౌన్సిలర్‌కు వారి కోపం వల్ల నష్టమూ లేదు, తృప్తి వల్ల లాభమూ లేదు. ఉచిత విద్యుత్తు ఓటరుకు నెలనెలా బిల్లులో కనిపిస్తుంది; తీసిన పూడిక కనిపించదు. వ్యయం మీద రాజకీయ పోటీ సహజంగానే కనిపించే వాటివైపు మొగ్గుతుంది. ఈ మొగ్గును సరిదిద్దవలసింది నియమాలే.

74వ రాజ్యాంగ సవరణ మూడు దశాబ్దాల క్రితమే దారి చూపింది. రాష్ట్ర ఆర్థిక సంఘం ద్వారా నగరాలకు వాటా నిర్ణయించమంది. చేయవలసింది దాన్ని పూర్తి చేయడం. నగరంలో వసూలైన జీఎస్టీ రాష్ట్ర వాటాలో ఒక స్థిర శాతాన్ని, ఏ పార్టీ ఏ స్థాయిలో ఉన్నా, నగరపాలక సంస్థకు బదిలీ చేసేలా చట్టం ఉండాలి. స్థాయీ సంఘం ఏర్పాటుకు గడువు పెట్టాలి. గడువు దాటితే ఆ అధికారం పూర్తి సభకే వెళ్లాలి. ఏ వీధి కాలువకు ఎంత కేటాయించారో, ఎప్పుడు పూడిక తీశారో వర్షాకాలానికి ముందే ప్రకటించాలి. ఇవి నెరవేరాక ఉచితాలు మేలా, తక్కువ పన్నులు మేలా అని పార్టీలు వాదించుకోవడం ప్రజాస్వామ్యానికి ఆరోగ్యమే. ఓటరు తూచి చూసుకోవడానికి అప్పుడు స్పష్టమైన లెక్క ఉంటుంది. ఆ లెక్క లేకుండా సాగే వివాదంలో ప్రతి ప్రభుత్వమూ పన్ను తీసుకుంటుంది, ఏ ప్రభుత్వమూ జవాబు చెప్పదు. దాని మూల్యాన్ని పన్ను కట్టినవారే చెల్లిస్తారని ఓల్డ్ రాజిందర్ నగర్ నిరూపించింది.