ఆవ పెట్టిన కూర

నూరిన ఆవాల ఘాటుతో చేసే ఆంధ్ర శాకాహార వంటకం. గోదావరి జిల్లాల్లో అరటికాయ, కంద-బచ్చలి, అన్నిటికన్నా పనసపొట్టు దీనికి పేరుపడ్డాయి. అక్కడి బజార్లలో లేత పనసకాయను సన్నగా కొట్టి పొట్టుగా అమ్ముతారు. నిలవుంటే నల్లబడుతుంది కాబట్టి కళ్లెదుట కొట్టించుకోవడమే మేలు. పొట్టును పసుపు వేసి ఉడికించి, నీరు పిండి, శనగపప్పు, మినప్పప్పు, ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకు పోపులో చింతపండు గుజ్జుతో మగ్గనిస్తారు. ఆవ మాత్రం పొయ్యి మీద కలపరు. ఆవగింజ నలిగి తడి తగిలినప్పుడు మైరోసినేజ్ అనే ఎంజైమ్ పనిచేసి ఘాటు పుడుతుంది. వేడికి ఆ ఘాటు పోతుంది. అందుకే ఆవముద్దను పచ్చి నువ్వులనూనెతో కలిపి, కూర చల్లారాక చేత్తో పట్టిస్తారు. ముక్కుకు ఘాటు తగలనిది ఆవ పెట్టిన కూర అనిపించుకోదు.