ఆడవాళ్ళ గడ్డం, ఆఫ్రికా నిద్రజబ్బు

తెలుగులో ముఖం కింది భాగాన్నీ గడ్డమే అంటాం, దానిమీద మొలిచే వెంట్రుకల్నీ గడ్డమే అంటాం. ఆడవాళ్ళకి మొదటిది ఉండొచ్చు, రెండోది ఉండకూడదు. పాత చిత్తూరు జిల్లాలో తిరుమలకి తలనీలాలిచ్చి గుండుతో దర్జాగా ఊరికొచ్చే ఆడవాళ్ళున్నారు. అదే గడ్డం మీద నాలుగు వెంట్రుకలు మొలిస్తే పెళ్ళిళ్ళకి వెళ్ళడం మానేసేవాళ్ళూ ఉన్నారు.

మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో క్షయకి 1915లోనే శానటోరియం వచ్చింది. కుప్పంలో ఇప్పుడు మెడికల్ కాలేజీ ఉంది. అయినా మదనపల్లెలో, పుంగనూరులో, కుప్పంలో ఈ బాధకి ముందు గుర్తొచ్చేవి సున్నిపిండి, కస్తూరి పసుపు, పార్లర్‌లో దారం. ప్రాణం తీసే జబ్బుకి ఆసుపత్రి కట్టారు, తలదించుకునే జబ్బుకి పసుపు మిగిలింది.

వైద్యులు దీన్ని చూడకపోలేదు. 1921లో పారిస్‌లో అషార్, థియెర్ అనే డాక్టర్లు ‘గడ్డం ఉన్న ఆడవాళ్ళ మధుమేహం’ గురించి రాశారు. 1935లో షికాగోలో స్టీన్, లెవెంథాల్ నెలసరి తప్పడాన్నీ, వెంట్రుకల్నీ, అండాశయాల్లో నీటిబుడగల్నీ ఒకచోట కలిపి చూశారు. ఇవాళ మనం పీసీఓఎస్ అంటున్నది అదే.

మందులు మాత్రం వేరే జబ్బుల దారిన వచ్చాయి. స్పైరోనోలాక్టోన్ ఒంట్లో నీరు తగ్గించడానికీ, బీపీకీ తయారైంది. అది పురుష హార్మోన్ పనిని కూడా అడ్డుకుంటుందనీ, వెంట్రుకలు తగ్గుతున్నాయనీ 1970ల చివరికి డాక్టర్లు గమనించారు.

ఎఫ్లోర్నితిన్ కథ ఇంకా విచిత్రం. కేన్సర్ కోసం పుట్టి, 1990లో ఆఫ్రికా నిద్రజబ్బుకి మందైంది. కొనే స్తోమత రోగులకి లేదు కాబట్టి 1990ల మధ్యలో తయారీ ఆగిపోయింది. 2000లో అదే మందు ఆడవాళ్ళ ముఖానికి క్రీముగా అమెరికా మార్కెట్లోకొచ్చింది. ముఖానికి దొరికే మందు ప్రాణానికి దొరకదా అని ఊపిరాడనివ్వకుండా నిలదీశాక, 2001లో కంపెనీ నిద్రజబ్బు రోగులకి ఉచితంగా ఇవ్వడానికి ఒప్పుకుంది. చావుకి లేని మార్కెట్ సిగ్గుకి ఉంది!

మన దగ్గర ఆ సిగ్గు మందుల షాపు దాకా కూడా రాదు. మాత్రలు పనిచేయడానికి ఆర్నెల్లైనా పడుతుంది, ఆపితే వెంట్రుకలు మళ్ళీ వస్తాయి. స్పైరోనోలాక్టోన్ వాడుతున్నప్పుడు గర్భం రాకూడదు, కడుపులో మగబిడ్డ ఎదుగుదలకి ప్రమాదం. ఇక్కడేమో ‘పెళ్ళయితే అదే సర్దుకుంటుంది’ అంటారు. పెళ్ళయిన మూడో నెల నుంచే ‘ఏమైనా విశేషమా?’ అని అడుగుతారు. డాక్టరు రాసిన చీటీ ఆ రెండు మాటల మధ్య ఇరుక్కుంటుంది. అమ్మాయి మళ్ళీ పసుపే రాసుకుంటుంది.