పంచదార్ల: ఏటికొప్పాక దాపున ఒక శాసనక్షేత్రం

వరాహ నది ఒడ్డున, అంకుడు కర్ర మీద లక్క పూసి చేసే బొమ్మలకు పేరుపొందిన ఏటికొప్పాకకు చాలామంది వస్తారు గాని, యలమంచిలి దాటి రాంబిల్లి మండలంలోని ధారపాలెం కొండవాలున ఉన్న పంచదార్ల ధర్మలింగేశ్వరాలయం దాకా వెళ్లేవారు తక్కువ. కొండలోని ఊటనీరు అయిదు పాయలుగా, అంటే ధారలుగా, జారడం వల్ల ఈ చోటికి పంచధారల అనే పేరు వచ్చి, వాడుకలో పంచదార్లగా మారింది. ఒకే శిలాలింగం మీద వరుసలుగా చిన్న లింగాలను చెక్కిన కోటిలింగం కూడా ఇక్కడే ఉంది.

అయితే ఈ గుడి అసలు సంపద దాని రాతిస్తంభాలే. వేంగి నేలిన తూర్పు చాళుక్యుల వంశంలో ఒక శాఖ యలమంచిలి ప్రాంతాన్ని సామంతులుగా పాలించింది. ఆ శాఖకు చెందిన విశ్వేశ్వరుడు 1407లో వేయించిన స్తంభశాసనం, అంతకు నాలుగేళ్ల ముందు, 1403లో, కోనసీమతో ముడిపడిన కోన రాజవంశీయుడు మూడవ చోడుడు వేయించిన శాసనం ఇక్కడ దొరికాయి. వేర్వేరు వంశాల పాలకులు ఒకే దేవుని సన్నిధిలో తమ మాటను రాతికెక్కించడాన్ని బట్టి, ఆనాడు ఇది మారుమూల గుడి కాదని, రాజగౌరవం పొందిన క్షేత్రమని చెప్పవచ్చు. ఉత్తరాంధ్ర మధ్యయుగ చరిత్రకు ఇటువంటి స్తంభాలే ప్రధానాధారాలు కనుక, శివరాత్రికి ఇక్కడికి వచ్చే భక్తులు వాటిపై సున్నం, రంగులు పడకుండా కాపాడాలి.