నాలుగు ప్రయాణములు

బర్మా పేరు తెలుగువారికి పరాయిది కాదు. రంగూనులో కష్టపడి బ్రతికిన మనవారు వేలకొలది 1942లో జపాను దాడికి వెరచి, కొండలు అడవులు దాటి స్వదేశమునకు తరలివచ్చినారు. దారిలో జబ్బుపడినవారికి తోడివారి భుజములే ఆధారము. రెండేండ్ల తరువాత ఆ బర్మా అడవులలోనే, క్షతగాత్రులను తరలించుటకు హెలికాప్టరు యుద్ధరంగమున తొలిసారిగా దిగినది.

1944 ఏప్రిల్ 21న ముగ్గురు గాయపడిన బ్రిటిషు సైనికులను కొనిపోవుచున్న చిన్న అమెరికను విమానము శత్రుసేనల వెనుక కూలిపోయినది. చోదకుడును, ఆ ముగ్గురును ప్రాణములతో బయటపడి అడవిలో దాగినారు. జపాను సైనికులు వెదకుచుండిరి. మామూలు విమానము దిగుటకు అక్కడ చోటు లేదు. అప్పుడు అస్సాములోని లాలాఘాటు స్థావరమునుండి లెఫ్టినెంటు కార్టర్ హర్మన్‌ను పిలిపించినారు. అతడు తన సికోర్‌స్కీ హెలికాప్టరుపై సుమారు 600 మైళ్ళు ఎగిరి ఉత్తర బర్మా చేరినాడు.

ఆ యంత్రము బలము 200 అశ్వశక్తికి మించదు. చోదకుడు గాక ఒక్కనినే మోయగలదు. వేటపాలెం, చీరాల ప్రాంతములవారు ఏప్రిల్ ఎండను బాగుగా ఎరుగుదురు. అట్టి ఎండకు గాలి పలుచబడి, హెలికాప్టరు రెక్కలకు ఎత్తు బలము తగ్గును. ఇంజను త్వరగా వేడెక్కును. హర్మన్‌కు ఎదురైనది ఈ చిక్కే.

ఏప్రిల్ 25న అతడు ఇద్దరు సైనికులను ఒక్కొక్కరిగా దగ్గరలోని ఇసుకతిన్నెకు చేర్చినాడు. అక్కడినుండి చిన్న విమానములు వారిని కొనిపోయినవి. అంతలో ఇంజను వేడెక్కి మొరాయించినది. ఆ రాత్రి ఆగి, మరునాడు మూడవ సైనికుని, కడపట చోదకుని బయటికి తెచ్చినాడు. నలుగురికొరకు నాలుగు ప్రయాణములు.

ఇందలి ధైర్యమెట్టిదో గమనింపదగును. తుపాకి పట్టి పోరాడువానికి ఆవేశము తోడుండును. ఈ చోదకుడు చేయవలసినది పోరాటము కాదు. మొదటిసారి దిగినప్పుడు శత్రువు గుర్తింపకపోవచ్చును. యంత్రపు రొద విన్న తరువాత ఊరకుండునా? అది తెలిసియు మరల మరల అదే చోటికి పోవుటయే అతని సాహసము. ఈ హర్మన్ యుద్ధానంతరము సంగీతకర్తగా, సంగీత విమర్శకుడుగా జీవించినాడు.

1950-53 నాటి కొరియా యుద్ధములో హెలికాప్టర్లు వేలమంది క్షతగాత్రులను ఆసుపత్రులకు చేర్చినవి. 1999లో కార్గిల్ యుద్ధమున మన వైమానిక దళమువారు చీతా హెలికాప్టర్లలో హిమాలయ శిఖరముల నడుమ ఈ పనియే చేసినారు. వారిలో గుంజన్ సక్సేనా, శ్రీవిద్యా రాజన్ అను ఇద్దరు యువతులుండిరి. బర్మాలో ఎండవలన పలుచబడిన గాలి, అక్కడ ఎత్తువలన పలుచబడినది. ఎదుట శత్రువు, లోన క్షతగాత్రుడు, యంత్రమునకు చాలని గాలి. హర్మన్ ఎదుర్కొన్న పరీక్షయే యాబదియైదేండ్ల తరువాత వారికిని ఎదురైనది.